లీటరుకు పది కిలోమీటర్లు

హైదరాబాదు నుంచి తాండూరు పోవాలంటే రైలుంది. నాంపల్లిలో పొద్దున ఎక్కితే భోజనం వేళకు దిగిపోవచ్చు. బస్సూ ఉంది. ఒళ్ళు హూనమవుతుంది గానీ అదీ చేరుస్తుంది. మేము మాత్రం కారులో వెళ్ళాం. అందుకే మూడు రోజులు పట్టింది. మా వీధిలో కనబడిన వాళ్ళంతా "కారులో షికారు వెళ్ళారటగా, ఎంత సుఖం" అంటున్నారు. ఆ సుఖం ఎలాంటిదో ఒక్కసారి వివరంగా రాసిపెడితే మళ్ళీ ఎవరూ అడగరని నా ఆశ.

మెహిదీపట్నం

ముందు కారు సంగతి చెప్పాలి. బయటి నుంచి చూస్తే అది నలుగురి ఇళ్ళ ముందూ ఉండే నాలుగు తలుపుల కారే. లోపలి కథ వేరు. మావారు వేలంలో పాత జీపొకటి కొని, దాని ఇంజను, కింది సామానంతా ఊడదీయించి, ఇంకెక్కడో దొరికిన కారు బాడీ కింద బిగించారు. మా సందు చివర షెడ్డున్న జహంగీర్ భాయ్ ఏడాది పాటు ఆ పని చేశాడు. మామూలు కార్లను వెనక చక్రాలే తోస్తాయి. మా కారుకు నాలుగు చక్రాలూ లాగుతాయి. గేరు కర్ర పక్కన ఇంకో చిన్న కర్ర ఉంటుంది. దాన్ని ముందుకు తోస్తే ముందు చక్రాలు కూడా పనిలోకి దిగుతాయి. అప్పుడిక బురదయినా ఇసుకయినా బండి ఆగదు.

కాకపోతే తాగుతుంది. పెట్రోలు లీటరు ఆరు రూపాయలకు ఎగబాకిన రోజుల్లో మా కారు ఊళ్ళో లీటరుకు ఆరు కిలోమీటర్లు నడిచేది. కూరగాయలకు మండీ దాకా వెళ్ళొస్తే కూరగాయల కంటే వెళ్ళొచ్చిన ఖర్చే ఎక్కువయ్యేది. అందుకని నేను నడిచే వెళ్ళేదాన్ని. కారు ఇంటి ముందు దుప్పటి కప్పుకుని పడుకునేది.

మావారు సర్కారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. రెండు బీరువాల మధ్య ఆయన కుర్చీ. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆ కుర్చీ అక్కడే ఉంది, ఆయనా అక్కడే ఉన్నారు. ఆ ఆఫీసుకు ఏదో పని మీద తాండూరు నుంచి హమీద్ సేట్ అనే రాళ్ళ వ్యాపారి వచ్చాడు. ఆయనకు నాపరాళ్ళ గనులున్నాయి. కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీ ఇంజనీర్లను తిప్పే కిరాయి పని కూడా ఉంది. వానలు పడితే గని దార్లలో జీపు తప్ప ఇంకేదీ పోదు, జీపులో కూర్చోవడానికి ఇంజనీర్లు నామోషీ పడతారు. అదీ ఆయన గోడు. మావారు మా కారు సంగతి చెప్పారు. సేటు గడ్డం గోక్కుని, "లీటర్‌కు పది ఇస్తదా సార్? పది ఇస్తే నెల కిరాయికి పెట్టుకుంట, మీరే నడుపుండ్రి" అన్నాడట.

అంతే. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఉద్యోగానికి రాజీనామా ఇస్తానన్నారు.

మాకు ఇద్దరు పిల్లలు. నెల తిరిగేసరికి వచ్చే జీతం తప్ప మాకు ఇంకో ఆధారం లేదు. నేను ఏడవలేదు, అరవలేదు. దేవుడి పటం ముందు నిలబెట్టి ఒక్క మాట తీసుకున్నాను. పది వస్తే సోమవారం రాజీనామా. రాకపోతే ఇక జన్మలో ఆ మాట ఎత్తకూడదు. పది వచ్చిందీ రానిదీ నా కళ్ళతో నేనే చూడాలి. అలా పిల్లల్ని అత్తగారికి అప్పజెప్పి నేనూ కారెక్కాను. ఆ కారు పది ఇవ్వకూడదని ఎంత మంది దేవుళ్ళకు మొక్కానో ఇక్కడ రాయను.

బయల్దేరే ముందు బరువు తగ్గించే తతంగం నడిచింది. నేను సర్దిన పెట్టె మూడుసార్లు విప్పించారు. స్టీలు క్యారియరు బరువని పులిహోర విస్తరాకులో కట్టమన్నారు. కాళ్ళ కింది పట్టాలు తీసేశారు. డిక్కీలో ఉన్న స్టెప్నీ చక్రాన్ని, జాకీని తీసి వరండాలో పెట్టారు.

"స్టెప్నీ లేకుండ ఎట్లండి?" అన్నాను.

"టైర్లన్ని మంచిగనే ఉన్నయి. ఊకె మోసుకపోవుడెందుకు?" అన్నారు.

చివర్న నన్ను ఎగాదిగా చూశారు. పైకేమీ అనలేదు. అది ఆయన అదృష్టం.

చేవెళ్ళకు ఇవతల

అద్దాలు దించకూడదు. గాలి లోపలికి కొడితే బండిని వెనక్కి పట్టుకుంటుందట. ఎద్దుల బండి వెనక పడ్డా దాటకూడదు. దాటితే ఇంజను ఒక్కసారిగా గుటక వేస్తుందట. ఉడికిన కందగడ్డలా కూర్చుని, ఎద్దుల తోకలు చూసుకుంటూ చేవెళ్ళ దిక్కుగా పోతుండగా టైరు పేలింది.

నేను ఆయన మొహం వంక చూశాను. ఆయన టైరు వంక చూశారు. వరండాలో ఉన్న స్టెప్నీ మాట ఇద్దరమూ ఎత్తలేదు.

పక్క చేనులో కంది కలుపు తీస్తున్న మగవాళ్ళు నలుగురైదుగురు వచ్చారు. జాకీ లేదని తెలిసి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత తువ్వాళ్ళు నడుముకు బిగించి, కారు మూలను చేతులతో పైకెత్తి కింద బండరాళ్ళు పెట్టారు. చక్రం ఊడింది. అంతలో బస్సొచ్చింది. లోపల కాలు పెట్టే చోటు లేదు. కండక్టరు చక్రాన్ని పైకెక్కించి, దానికి లగేజీ టిక్కెట్టు కొట్టి, మావారిని ఫుట్‌బోర్డు మీద నిలబెట్టి చేవెళ్ళ తీసుకుపోయాడు. ఆ బస్సు కోసమే పొద్దుటి నుంచి కూర్చున్న ఒక ముసలామెను మాత్రం గంప ఉందని ఎక్కించుకోలేదు. మూడు కాళ్ళ కారు పక్కన నేనూ ఆమే మిగిలాం.

ఆమె పేరు నర్సవ్వ. మర్పల్లిలో ఆమె బిడ్డకు కాన్పయింది. ఆ ఖర్చుకని గంపెడు సీతాఫలాలు వికారాబాదులో అమ్ముకుని, అటు నుంచటే బిడ్డ దగ్గరికి పోతుంది. నాకు ఒక పండు విప్పి పెట్టి, కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"కారుకు ఐదో చక్రం ఉంటదంటరు గద బిడ్డా. మీ దానికి లేదా?"

"ఉన్నదవ్వా. ఇంట్ల ఉన్నది."

"ఇంట్ల ఏం జేస్తది?"

"బరువైతదని ఇడిచిపెట్టి వచ్చిండు."

నర్సవ్వ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"మరి నిన్నెందుకు ఎక్కించుకున్నడు?"

"నేనే ఎక్కిన" అన్నాను.

మావారు రెండు గంటల తర్వాత ఇంకో బస్సు మీద చక్రంతో సహా దిగారు. అది బిగించాక చేను వాళ్ళు నర్సవ్వ గంపను తిన్నగా మా వెనక సీటు మీద పెట్టేశారు. మమ్మల్ని అడగనే లేదు. హైదరాబాదులో ఎవరి కారులోనైనా సీటు ఖాళీగా ఉంటే అది వాళ్ళ ఇష్టం. ఇక్కడ అలా కాదు. చోటు పెట్టుకుని ఖాళీగా పోవడమంటే ఊరినంతటినీ చిన్నచూపు చూసినట్టే లెక్క.

"అవ్వా, గీ గంప ఎంత బరువుంటది?" అని మావారు నీరసంగా అడిగారు.

"మోసేటోళ్ళకు తెలుస్తది కొడుకా. నువ్వు మోస్తవా?" అంది నర్సవ్వ, కారులో కాళ్ళు చాపుకుంటూ.

వికారాబాదులో దిగాక ఆమెకు సాయం చేద్దామని మావారు ఇరవై పండ్లు అడిగారు. ఐదు రూపాయలంది. ఈయన జేబులోంచి ఐదు రూపాయలు తీసి చాచారు. నర్సవ్వ చెయ్యి ముందుకు రాలేదు.

"అడిగినంత ఇస్తరా ఎవలన్న? నేను ఐదంటే నువ్వు రెండనాలె. నేను నాలుగనాలె."

"నువ్వే గద అవ్వా ఐదన్నవు."

"బేరంల అన్న కొడుకా."

ఆయనకు అర్థం కాలేదు. ఆఫీసులో పై నుంచి ఒక అంకె వచ్చిందంటే ఆ అంకే చెల్లుతుంది, దాని పక్కన ఇంకో అంకె ఉండదు. నర్సవ్వ మాత్రం అన్యాయంగా డబ్బు తీసుకున్న దానిలా ఇబ్బంది పడి, వద్దన్నా వినకుండా ఇంకో ఇరవై పండ్లు మా వెనక సీటు మీద గుమ్మరించి పోయింది. మావారు ఆ పండ్లను చూసి నిట్టూర్చారు.

వికారాబాద్

స్టేషను దగ్గరి లాడ్జిలో దిగాం. ఎదురుగా ఉన్న మెస్సులో జొన్నరొట్టె, పచ్చిపులుసు, నూరిన పల్లికారం పెట్టారు. మూడు రూపాయలకు కడుపు నిండా. పెనం మీది నుంచి రొట్టె సరాసరి కంచంలోకి వస్తుంది. రెండోది వద్దంటే వడ్డించేవాడు చిన్నబుచ్చుకుంటాడు. మా ఇంటి పక్క హోటల్లో రెండో పూరీ అడిగితే చూసే చూపు గుర్తొచ్చి, ఆ కుర్రవాడి కోసం మూడోది కూడా తిన్నాను. ఈ ప్రయాణంలో నాకు చిరాకు కలిగించనిది ఆ పూట ఒక్కటే.

ఆ సంతోషాన్ని కారు నిలవనివ్వలేదు. బయట దాని చుట్టూ జనం చేరారు. హైదరాబాదులో కారు చూస్తే ఎంత పెట్టి కొన్నారని అడుగుతారు. ఇక్కడ అడిగేది ఒకటే మాట, "ఎంతిస్తది?" లాడ్జి యజమాని అడిగాడు. టీ తెచ్చినాయన అడిగాడు. పక్క గదిలో దిగిన విత్తనాల వ్యాపారి, దగ్గు మందు కోసం అనంతగిరి ఆస్పత్రికి వచ్చినాయన, మెస్సు వంటాయన, అందరూ అడిగారు. అందరికీ మావారు "రేపు పది ఇస్తది" అనే చెప్పారు. వినేవాళ్ళకు, ఎవరి అల్లుడికో ఉద్యోగం వస్తుందా అని వాళ్ళు అడుగుతున్నట్టూ, వస్తుందని ఈయన మాట ఇస్తున్నట్టూ ఉంది.

అనంతగిరి

మర్నాడు పొద్దున్నే అసలు పరీక్షకు ముందు చిన్న పరీక్ష పెట్టుకున్నారు. దాని పద్ధతి చెబుతాను. పెట్రోలు ట్యాంకు గొట్టం ఊడదీస్తారు. లీటరు పట్టే గాజుసీసా నిండా పెట్రోలు పోసి, బానెట్టు లోపల తాడుతో వేలాడదీసి, దాని గొట్టం ఇంజనుకు తగిలిస్తారు. ఇక సీసా ఖాళీ అయ్యి బండి ఆగేదాకా పోవడమే. ఎంత దూరం పోతే అంత లెక్క. ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలియదు. మేము ఆగిన చోట్లన్నీ నాకు బాగా గుర్తున్నాయి, ఏ ఒక్క చోటా నీడ లేదు.

కొండ ఎక్కేటప్పుడు కారు ఆయాసపడుతూ ఎక్కింది. పైకి చేరాక మావారు గేరు తీసేసి, తాళంచెవి తిప్పి ఇంజను బంద్ చేశారు. చప్పుడు ఆగిపోయింది. పక్షుల కూతలు వినబడ్డాయి. కారు మలుపుల్లోకి జారడం మొదలుపెట్టింది.

"ఏం జేస్తున్నరు?" అన్నాను.

"దిగుడుల ఇంజనెందుకు? ఫుకట్‌ల పోతున్నం గద" అన్నారు.

నేను కళ్ళు మూసుకుని కొండ మీది స్వామిని, ఆ తర్వాత బ్రేకుల్ని తలుచుకున్నాను. కిందికి దిగి, మళ్ళీ ఇంజను పెట్టి, ధారూర్ దిక్కుగా సాగి ఆగేసరికి పదమూడు కిలోమీటర్లు వచ్చింది. మావారు స్టీరింగు మీద తల ఆనించి నవ్వారు. పెళ్ళయిన కొత్తలో తప్ప ఆయన అలా నవ్వగా నేను చూడలేదు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

"తొవ్వంత దిగుడే ఉంటే మనం గిప్పటికి సముద్రంల ఉందుము" అన్నాను.

"నువ్వు జర ఊకో" అన్నారు, ఇంకా నవ్వుతూనే.

ఆ నవ్వులో సోమవారం నాటి రాజీనామా నాకు స్పష్టంగా కనబడింది.

తాండూరు

తాండూరులో అన్నీ రాళ్ళే. గోడలు రాళ్ళు, కప్పులు రాళ్ళు, పొలాల చుట్టూ కంచెలు నిలబెట్టిన బండలు. పశువుల తొట్టి కూడా నాలుగు నాపరాళ్ళు నిలబెట్టి కట్టిందే. మా ఇంటి వంటగదిలో రెండు బండలు వేయించడానికి నేను రెండేళ్ళు పోరాను. ఇక్కడ పంది గూటికి కూడా బండలు పరిచారు. బజారులో ఒక మాట తెలుగు, ఒక మాట ఉర్దూ, మూడో మాట కన్నడం. కొడంగల్ నుంచి వచ్చిన రైతులు కందుల బస్తాల పక్కన నిలబడి, తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని గుట్టుగా బేరమాడుకుంటున్నారు. ఎంతసేపు చూసినా ఎవరు నెగ్గారో నాకు తెలియలేదు.

హమీద్ సేట్ ఇంట్లో భోజనం. పుల్లటి కందిపప్పు, అన్నం, వేయించిన మిరపకాయలు. ఆ పప్పు రుచి మా ఊళ్ళో కందిపప్పుకు లేదు. నేను మాంసం తిననని తెలిసి సేటు భార్య వేరే గిన్నెలో, వేరే పొయ్యి మీద వండించింది. ఆమె నా పక్కన కూర్చుని, తలుపు అవతల సేటుతో మాట్లాడుతున్న మావారి వైపు గడ్డంతో చూపించింది.

"సర్కారీ నౌకరీ ఛోడ్‌కే ఆరే? బాల్‌బచ్చే కిత్తే హై?"

సర్కారు ఉద్యోగం వదిలి వస్తున్నాడా, పిల్లలెందరు అని అడుగుతోంది. ఇద్దరని వేళ్ళు చూపించాను. ఆమె "అయ్యో" అని తెలుగులోనే అంది. మూడు రోజుల్లో నా బాధ అర్థమైన మనిషి ఆమె ఒక్కతే.

గని దారి

సేటు స్వయంగా సీసాలో పెట్రోలు పోశాడు. ఆయన రాళ్ళ దుకాణం నుంచి గని దాకా పోవాలి. మావారు ఆ లోపల సీతాఫలాలు దించేశారు, పెట్టె దించేశారు, నన్ను కూడా దింపాలని ఆశగా చూశారు. నేను కదల్లేదు.

అంతలో దుకాణం ముందున్న వాళ్ళంతా కారెక్కడం మొదలుపెట్టారు. ముందు సీట్లో సేటు, ఆయన పక్కన రాళ్ళు కోసే మేస్త్రీలిద్దరు. వెనక నా పక్కన గని వంటామె, ఆమె మోకాళ్ళ మధ్య పెద్ద పప్పు గుండిగ. గనిలో పనిచేసేవాళ్ళందరికీ పగటి అన్నంలోకి ఆ పప్పే. తర్వాత ఇంకో ముగ్గురు. మొత్తం తొమ్మిది మందిమి.

"సేట్, టెస్టు గద" అన్నారు మావారు.

"గిదే టెస్టు. నా బండి ఏ రోజు ఖాళీగ పోయింది?" అన్నాడు సేటు.

మావారి మొహం చూడలేకపోయాను. స్టెప్నీ, జాకీ, పట్టాలు, నా స్టీలు క్యారియరు, అన్నీ వృథా అయ్యాయి. చిన్న కర్రను ముందుకు తోసి, మొదటి గేరులో బురదలోకి దిగారు.

నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, ఆ కారు చాలా బాగా పోయింది. వానలకు ఆ దారి దారిలా లేదు. ఒకచోట రాళ్ళ ట్రాక్టరు పీకల్లోతు కూరుకుపోయి ఉంది. డ్రైవరు దాని మీదే కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. మా కారు నాలుగు చక్రాలతో గీరుకుంటూ, పక్కకు ఒరుగుతూ, తొమ్మిది మందితో, పప్పు గుండిగతో అతన్ని దాటిపోయింది. సేటు వెనక్కి తిరిగి ట్రాక్టరును, మావారిని మార్చి మార్చి చూశాడు. వంటామె "మంచిగ పోతున్నదమ్మా మీ బండి" అంది. నాకు గర్వం లాంటిదేదో కలిగింది. వెంటనే పిల్లలు గుర్తొచ్చి అది పోయింది.

గని దగ్గర దారి లోపలికి బాగా పల్లంగా దిగుతుంది. ఒక వైపు కోసిన రాతి గోడ, ఇంకో వైపు గుంత. మావారి కళ్ళు కిలోమీటర్ల అంకెల మీదే ఉన్నాయి. ఏడు దాటింది. పది చాలా దూరం. నేను వెనక నుంచి ఆయన కుడిచేతినే చూస్తున్నాను. ఆ చెయ్యి తాళంచెవి మీదికి పోయింది.

చప్పుడు ఆగిపోయింది.

నీళ్ళలో నానిన బ్రేకులు పట్టలేదు. అంత బరువు బండి గేరు లేకుండా, ఇంజను లేకుండా జారిపోయింది. ముందున్న మేస్త్రీ ఎవరినో పేరు పెట్టి పిలిచాడు. గుంత అంచున పోసి ఉన్న రాళ్ళ చెక్కల కుప్పకు కొట్టుకుని కారు ఆగింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. గుండిగ మాత్రం ఒరిగిపోయింది. పప్పంతా కారు నిండా, నా చీర నిండా, వంటామె కాళ్ళ నిండా పారింది. పొద్దున వండింది కాబట్టి చల్లారి ఉంది, లేకపోతే ఆమె కాళ్ళు ఏమయ్యేవో.

గనిలో పనిచేసేవాళ్ళు సుత్తెలు పట్టుకునే వచ్చారు. ముందు మమ్మల్ని చూశారు, తర్వాత ఖాళీ గుండిగను చూశారు.

సేటు దిగాడు. బానెట్టు ఎత్తి సీసా విప్పాడు. అడుగున రెండు వేళ్ళ మందం పెట్రోలు ఇంకా ఉంది. దాన్ని మావారి కళ్ళ ముందు పెట్టాడు.

"గింత కోసమా సార్?"



"నువ్వు పది అడిగినవు గద సేట్" అన్నాను నేను.

సేటు నా వైపు తిరిగాడు. "బేరంల అన్న మాట బహెన్. గీ తొవ్వల ఏ బండి పది ఇస్తది? నేను పదంటే సారు ఐదనాలె. ఆరిచ్చినా తీసుకుందుననుకున్న. ఆరు ఎప్పుడో దాటింది గద మీ బండి."

నర్సవ్వ గంప పక్కన నిలబడి ఐదు రూపాయలు చాచిన చెయ్యి నా కళ్ళకు కట్టింది.

సేటు కారు చుట్టూ తిరిగి, ముందు చక్రాల బురద కాలితో గీకి చూశాడు. "బండి బేష్. నేను పెట్టుకుంట. కిరాయి నెలనెలా పంపుత, ఫికర్ చెయ్యకున్రి. కాని నడిపేటోడు నా మనిషి ఉంటడు. సారు వద్దు."

నేను బయల్దేరినప్పటి నుంచీ మొక్కుతున్నది అదే. ఉద్యోగం నిలబడింది, పైగా కిరాయి కూడా వస్తుంది. దేవుడు అడిగిన దానికంటే ఎక్కువే ఇచ్చాడు. అలాంటప్పుడు నోరు మూసుకుని ఊరుకోవాలి కదా. పప్పు కారుతున్న చీరతో నేను సేటుకు అడ్డం వెళ్ళి నిలబడ్డాను.

"మావారు మంచిగ నడుపుతరు సేట్. పొద్దుగాల అనంతగిరి గుట్ట గిట్లనే దిగినం. ఏం గాలే."

"గిట్లనే అంటే? గుట్ట మీద గూడ బంద్ జేసే దిగిండా?"

నేను నాలుక కరుచుకున్నాను. సేటు గట్టిగా నిట్టూర్చి, మావారి భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన గొంతులో కోపం లేదు, అందుకే ఎక్కువ బాధేసింది.

"పెట్రోల్ నాది సార్, పోతే పోతది. మనుషులు పోతే ఎట్ల?"

మావారు తలూపారు. తాళంచెవి తీసి సేటు చేతిలో పెట్టారు. తర్వాత వంటామె దగ్గరికి వెళ్ళి, ఆమె కాళ్ళ వైపే చూస్తూ "తప్పయిందమ్మా" అన్నారు. ఆమె "మల్ల వండుత, పోనీ సారూ" అంది.

మేము కారులోంచి తీసుకోవడానికి ఏమీ లేదు. అన్నీ బరువని ముందే తీసేశాం కదా.

రైల్లో

మర్నాడు ఆదివారం సీతాఫలాల మూటతో రైలెక్కాం. సేటు భార్య నా చీర ఉతికించి, తాండూరు కందిపప్పు ఒక సంచిలో కట్టి ఇచ్చింది. ఎదురు బెంచీ మీద కూర్చున్న కొడంగల్ ఆయనకు పండ్లు పెట్టాం. ఆయన ఊరు, మా ఊరు, వానలు, అన్నీ మాట్లాడుకున్నాం. అంటే నేను మాట్లాడాను. మావారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. ఆయన పాంటు మడతల్లో ఎండిన పప్పు ఇంకా ఉంది.

ఇన్నాళ్ళూ ఆయనకు కావలసింది కిరాయి డబ్బులనుకున్నాను. కారు పేరెత్తినప్పుడల్లా ఖర్చూ జీతమూ చెప్పి దెప్పాను. ఇప్పుడు కిరాయి వస్తుంది, ఉద్యోగమూ ఉంది, మనిషి మాత్రం ఇలా ఉన్నాడు. ఈయనకు ఆ బండిలో, ఆ సీట్లో, ఆ చక్రం ముందు కూర్చోవడమే కావలసింది. ఆ రెండు బీరువాల మధ్య నుంచి బయటికి రావడానికి ఈయనకు దొరికిన తలుపు అదొక్కటే. దాన్ని ఏ సీసాతో కొలిచినా తెలియదు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఈ మాట నోరు తెరిచి ఒక్కసారి చెబితే ఆయన సొమ్మేం పోయేది?

వికారాబాదు దాటాక రైలు పల్లంలో పడింది. చక్రాల చప్పుడు మారింది, వేగం పెరిగింది. ఆయన కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు. కుడిచేయి ఒళ్ళోంచి లేచింది. బొటనవేలూ చూపుడువేలూ గాలిలో దేన్నో పట్టుకున్నాయి.

నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

"బంద్ చెయ్యకండి" అన్నాను. "పోనీండి."